కంద మిగిలిన ఏడాది

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి తర్వాత దణ్ణం పెట్టవలసింది కందకే అనుకునేదాన్ని. గోదావరి పాయల మధ్య లంకలో మా చేలు. అక్కడ పండిన కంద తవ్వి రావులపాలెం సంతకు పంపితేనే మాకు ఏడాది గడిచేది. మిగిల్చుకున్న దుంపలే మళ్ళీ విత్తనం.

ఆ కందను అడవిపందులు బతకనిచ్చేవి కావు. పగలంతా రెల్లులో పడుకుని, పొద్దుగూకాక వచ్చి మూతులతో సాళ్ళకు సాళ్ళు తిరగేసేవి. తినేది పిసరు, పాడుచేసేది పుట్టెడు. చేను చుట్టూ మా అమ్మ పాత చీరలు కట్టాం. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు మోసుకొచ్చి గట్ల మీద చల్లాం. నాలుగు రోజులు బెదిరేవి, తర్వాత ఆ చీరల కిందనుంచే దూరేవి. ఒకసారి కాపలాకు వెళ్ళిన మా బాబాయి పిక్కను ఒక తల్లిపంది చీల్చేసింది. పెళ్ళి కావలసినవాడు, కుంటుకుంటూ తిరిగేవాడు. పంది పేరెత్తితే పళ్ళు కొరికేవాడు.

ఆ శ్రావణంలో వరదొచ్చింది. ఊరంతా ఏటిగట్టు మీదికి చేరాం. పల్లపు చేలు మునిగిపోయాయి. మెరక మీద వేసిన కంద ఒక్కటే నీళ్ళకు పైన మిగిలింది. లంకలో పందులకూ మిగిలిన పొడినేల అదే. మందంతా కందలో దిగబడి ఉందని పడవవాళ్ళు చూసొచ్చి చెప్పారు. ఆ రాత్రి గడిస్తే పంటే కాదు, విత్తనం కూడా మిగిలేది కాదు.

మా తాతయ్య మారు మాట్లాడకుండా పడవ విప్పారు. పడవ తోసే గెడ ఆయనది, తెడ్డు బాబాయిది. మా పడవకు అడుగున కారుడు ఉండేది, అందుకని నీళ్ళు తోడడానికి రేకు డబ్బా ఇచ్చి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. పక్క పడవవాళ్ళు మెరక మీదికి దిగి డబ్బాలు వాయిస్తూ పందులను నీళ్ళలోకి తోలారు.

నేల మీద పందికి ఎదురు నిలవాలంటే గుండె కావాలి. నీళ్ళలో దానికి తల తప్ప ఏమీ ఉండదు. తాతయ్య పక్కగా పడవ పోనిచ్చి, కొబ్బరికాయ కొట్టినంత నిదానంగా, గెడతో చెవి వెనక కొట్టేవారు. ఒక దెబ్బకు ఒకటి. తిట్టలేదు, కేక వెయ్యలేదు. గెడ పడవలో పెట్టినప్పుడల్లా దాని చివరినుంచి నెత్తురు కారి, నేను తోడే నీళ్ళు ఎర్రబడేవి. పారబోస్తుంటే మళ్ళీ ఎర్రబడేవి. నేను తోడడం ఆపలేదు, ఆపితే మునుగుతామని నా భయం.

ఒక పెద్ద తల్లిపందిని కొట్టి, తాడుతో పడవ వెనక కట్టారు. తన పిక్క చీల్చింది అదేనన్నాడు బాబాయి. నాకైతే అన్నీ ఒకటిగానే కనిపించాయి. గట్టు వైపు తిరిగామో లేదో, చారల పందిపిల్లలు దాని వెంట ఈదుకుంటూ రావడం మొదలుపెట్టాయి. బాబాయికి నవ్వాగలేదు.

"చూసేరా నాన్నగారూ! పల్లకీ ఎనకాల పెళ్ళివారిలాగ ఎలా వస్తన్నాయో!"

తాతయ్య పడవ ఆపేశారు.

"అయ్యి ఆళ్ళమ్మ ఎనకాల వస్తన్నాయిరా. నవ్వేవుగా, ఇంక నువ్వే కానియ్యి."

"గట్టెక్కినా బతకవు కదండీ. ఒదిలేద్దారండీ."

"బతికితే నీ రెండో కాలు చీరతాయి. బతక్కపోతే నక్కలు పీక్కుతింటాయి. అదెలాగూ నువ్వు చూడవు. చూడని చావైతే నవ్వొస్తాది."

బాబాయి "ఆయ్" అన్నాడు. తెడ్డెత్తాడు. చేతగాక ఒక్కోదాన్ని రెండేసి దెబ్బలు కొట్టాడు. కొడుతూ ఏడ్చాడు. తాతయ్య గెడ నేలలో దించి, పడవ కదలకుండా పట్టుకు నిలబడ్డారు.

ఆఖరిది నా పక్కకు వచ్చి పడవ అంచు మీద మూతి ఆనించింది. వెచ్చటి ఊపిరి నా వేళ్ళకు తగిలింది. నేను తాతయ్య వైపు చూశాను. బాబాయీ చూశాడు. ఒక్క మాట అంటే చాలు. ఆయన పెదవి విప్పలేదు. బాబాయి కొట్టాడు. నేను నీళ్ళు తోడాను.

తాతయ్య మీద నాకు అసహ్యం పుట్టింది. చాలా ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేదు. బాబాయి మళ్ళీ ఏ ప్రాణి చావుకూ నవ్వగా నేను చూడలేదు. ఆ ఏడాది కంద మాత్రం మహా రుచిగా ఉంది. పులుసు పెడితే రెండోసారి వడ్డించమని అడిగాను. అది కూడా చెప్పాలి కదా.

ఇప్పుడా మెరక మా అబ్బాయి చేస్తున్నాడు. పందులు పెరిగాయే గాని తగ్గలేదు. మొన్న ఉచ్చులో ఒక పిల్లపంది కాలు ఇరుక్కుందంటే చూడబోయాను. మా మనవడు, వాడి స్నేహితులు చుట్టూ చేరి, అది అరిచేలా మట్టిబెడ్డలు విసురుతూ ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది మావాడే. గట్టు మీది దుడ్డుకర్ర తీసి వాడి చేతికిచ్చాను.

"నవ్వినోడే కొట్టాలిరా."

వాడి ముఖం పాలిపోయింది. ఫోన్ జేబులో పెట్టేశాడు. "ఒదిలేద్దాం మామ్మా," అన్నాడు.

వెనక మూరెడెత్తు కంద మొక్కలు. ఎదురుగా నా మనవడి కళ్ళు. ఆనాడు తాతయ్య ఎందుకు మాట్లాడలేదో నాకప్పుడు తెలిసింది. నోరు విప్పితే వదిలెయ్యమంటానని భయమేసింది.

నేను నోరు విప్పలేదు.