వెంట వచ్చినవాడే చెప్పాలి

తాండూరులో నాలుగు కాళ్ల మీద నిలబడే కుర్చీ ఒక్కటి కూడా లేదు. ఆ ఊరి మీద నా మొదటి ఫిర్యాదు ఇది. ఇదే చివరిది కూడా అయితే బాగుండేది. చుట్టూ బండల గనులే కాబట్టి ఇళ్లకూ బడికీ దుకాణాలకూ అన్నిటికీ నేల బండలే. నునుపుగా, నీలంగా, చూడముచ్చటగా ఉంటాయి. కాని ఒక బండకూ పక్క బండకూ మాటలు ఉండవు. ఏ కుర్చీ వేసినా మూడు కాళ్లు ఒప్పుకుంటాయి, నాలుగోది అలుగుతుంది. నేను అద్దెకున్న గదిలోనూ, చరిత్ర చెప్పే బడిలోనూ, చివరికి హెడ్మాస్టరు గదిలోనూ మనుషులు మాట్లాడుతున్నంతసేపూ టకటకమని ఊగుతూనే ఉండేవాళ్లు. బడికి సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ మేము ఊగుతూనే తీసుకున్నాము.

ఒకరోజు నా కుర్చీ కాలి కింద అట్టముక్క మడిచి పెడదామని వంగాను. వంగినవాణ్ణి లేవలేదు. నడుము పట్టుకోలేదు, లేవాలనిపించలేదు, అంతే. గంట కొట్టారు, పిల్లలు తరగతిలో కూర్చున్నారు, కాసేపు చూసి గోల మొదలుపెట్టారు. నేను మాత్రం గొంతుక్కూర్చుని ఆ అట్టముక్కనే చూస్తున్నాను. గోల విని హెడ్మాస్టరు వచ్చాడు.

“ఏం మాస్టరు, ఏం పోగొట్టుకున్నరు?”

“అదే తెల్వక దేవులాడుతున్న సార్.”

ఆయన పకపకా నవ్వాడు. సాయంత్రానికి ఆ జవాబు స్టాఫంతా చెప్పుకుని నవ్వారు. నేను చెప్పింది నిజమన్న అనుమానం ఎవరికీ రాలేదు. నవ్వించేవాడని ఒకసారి పేరు పడ్డాక ఇదొక ఇబ్బంది. ఇల్లు కాలుతోందని అరిచినా జనం చప్పట్లు కొడతారు.

హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త అది. నేను పట్నంలో బి.ఏ. చదివి వచ్చాను. ఉర్దూలో నేర్చుకున్న చరిత్రను తెలుగులో చెప్పాలి. అదేం కష్టం కాదు. ఏ భాషలోనైనా రాజులు చివరికి చచ్చిపోతారు. ఉద్యోగం పర్మినెంటు. పెళ్లి కాలేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఈమధ్య దగ్గరివాళ్లెవరూ పోలేదు. ఏ పిల్లా నన్ను కాదనలేదు, అడిగితే కదా కాదనడానికి. ఇన్ని లేకపోవడాల మధ్య ఆ దిగులు ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. చలిజ్వరమైతే ఫలానా రోజు వచ్చిందని చెప్పవచ్చు. ఇది అద్దె ఇంట్లో తేమ లాంటిది. చూసేసరికి గోడ సగం దాకా ఎక్కి ఉంది.

పొద్దున మెలకువ వచ్చేది, లేవడానికి కారణం దొరికేది కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఒక పూట పనిలా అనిపించేది. ఉత్తపుణ్యానికి గుండె దడదడలాడేది, ఎవరో తరుముతున్నట్టు. తిరిగి చూస్తే సుద్దముక్క, నల్లబల్ల, బాబరు.

గది నుంచి బడికి దగ్గరి దారి ఒక పాత గని గట్టు మీదుగా పోతుంది. రాయి తీసి వదిలేసిన పెద్ద గుంట అది. వాననీళ్లు నిండి పచ్చగా ఉంటుంది. మేకలూ పిల్లలూ ఆ దారినే పోయేవాళ్లు, నేనూ పోయేవాణ్ణి. ఆ ఏడు వానలు మొదలయ్యాక ఆ దారి మానుకుని బజారంతా చుట్టి పోవడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే కాళ్లకు కసరత్తు అన్నాను. అసలు సంగతి, ఆ గట్టు మీద నా కాళ్లను నేను నమ్మలేకపోయాను.

ఈ ఒక్క మాట ఒక్క మనిషితో చెప్పుకోవాలి. ఆ మనిషి విని, ‘ఇది ఫలానా జబ్బు, నీలాంటివాళ్లను ఇంతకుముందు చూశాను’ అనాలి. నేను కోరుకున్నది ఇంతే. నయం చెయ్యకపోయినా సరే అనుకున్నాను.

తాండూరులో పంటికి మనిషి ఉన్నాడు, కంటికి ఉన్నాడు, పాముకాటుకు ఉన్నాడు, ఎద్దు మెడ వాస్తే దానికీ ఉన్నాడు. దీనికి లేడు. పిచ్చికి పట్నంలో పెద్ద ఆసుపత్రి ఉందని అందరికీ తెలుసు, తిట్టుకోవడానికి దాని పేరు వాడేవాళ్లు. నాకు పిచ్చి లేదు. ఉంటే కనీసం పోవడానికి ఒక చిరునామా ఉండేది. ఒకసారి ధైర్యం చేసి లెక్కల మాస్టరుతో అన్నాను, మనసు బాగుంటలేదని. “మనసా? నీకెప్పుడు పుట్టిందది!” అని ఆయన వీపు మీద చరిచాడు. నేనూ నవ్వాను. మర్యాద కదా.

మా అన్న యాలాల్ దగ్గర మా ఊళ్లో సేద్యం చేసేవాడు, పెళ్లికి ఎదిగిన కూతురు ఉంది. నాయన పోయిన తర్వాత నన్ను పెంచింది, చదివించింది ఆయనే. కందులు అమ్మడానికి బండి కట్టుకుని తాండూరు వచ్చినప్పుడు నా గదికి వచ్చాడు. గడపలోనే ఆగిపోయి కిందికీ మీదికీ చూశాడు.

“ఏందిరా తమ్మీ, గిట్ల ఎండిపోయినవ్?”

“కందుల ధర పడిపోయిందంట గదన్నా. దానితోటి నేను గుడ పడిపోయిన.”

ఆయన నవ్వలేదు. నులకమంచం మీద కూర్చుని చాలాసేపు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత లేచి, “నడువు” అన్నాడు.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. వైద్యుడి ముందు రోగి మాట్లాడడు. వెంట వచ్చినవాడు మాట్లాడుతాడు. రోగానికి ఒళ్లు రోగిది, మాట ఇంటివాళ్లది. రోగి నోరు తెరిస్తే అది నాలుక చూపించడానికే. ముసలమ్మకు కొడుకు చెప్తాడు, భార్యకు భర్త చెప్తాడు, భర్తకు మామ చెప్తాడు. తన బాధ తానే చెప్పుకునే మనిషిని చూస్తే, పాపం వీడికెవ్వరూ లేరు కాబోలు అనుకుంటారు.

బజారులో ముసలి హకీం కళ్లు మూసుకుని మూడు వేళ్లతో నా నాడి పట్టాడు. అన్న మొదలుపెట్టాడు.

“కడుపు ఖరాబైంది సాబ్. తిన్నది అరుగుతలేదు.”

“నిద్ర?”

“పండుకుంటడు సాబ్. పండుకుంటే లేవడు.”

నేను ఉండలేకపోయాను. “నిద్ర వస్తది హకీంసాబ్. గడపదాక వచ్చి, నన్ను జూసి ఎనుకకు పోతది.”

హకీం కళ్లు తెరిచాడు. పళ్లు లేని నోటితో ఎంతసేపు నవ్వాడో, నాడి మళ్లీ మొదటినుంచి పట్టవలసి వచ్చింది. “అరే మాస్టర్‌సాబ్! గింత హుషారున్నోనికి బీమారి యాడికెళ్లొచ్చె! కడుపే, ఒట్టి కడుపే” అని నల్లటి లేహ్యం ఇచ్చాడు. అది బాగానే పనిచేసింది. ఆకలి పెరిగింది. ఖాళీ కడుపుతో దిగులుపడేవాణ్ణి, నిండు కడుపుతో దిగులుపడసాగాను.

తర్వాత ఇంకో వైద్యుడు, కన్నడం దిక్కు ఊళ్లో తాయెత్తు కట్టే ఒకాయన, పసరు పోసే ఒకామె. అన్న బండి కట్టడం, నేను ఎక్కడం. ఎక్కడికి పోయినా అన్న మొదటి మాట కడుపు. రెండో మాట అక్కరలేకపోయేది. కొన్నాళ్లకు ఆ చుట్టుపక్కల నా కడుపంత పేరున్న కడుపు ఇంకొకటి లేకుండా పోయింది. ముఖమెరగనివాళ్లు కూడా బజారులో ఆపి, విరేచనం సాఫీగా అవుతోందా మాస్టరు అని అడిగేవాళ్లు. నా కాళ్ల సంగతి అడిగినవాడు లేడు.

వికారాబాదులో ఒక ముసలి డాక్టరు ఉన్నాడనీ, ఫౌజులో చేసి వచ్చి అనంతగిరి గాలి కోసం అక్కడ స్థిరపడ్డాడనీ, ఓపికగా మాట వింటాడనీ ఎవరో అన్నారు. ‘వింటాడు’ అన్నది నాకు మందు పేరులా వినిపించింది. అన్నకు చెప్పకుండా ఒక ఆదివారం రైలెక్కాను. ఎక్కడికని పక్కతను అడిగాడు. వికారాబాదు, డాక్టరు దగ్గరికి అన్నాను. ఆయన మూట తీసుకుని ఎదుటి బల్లకు మారాడు. ఛాతీ జబ్బువాళ్లంతా అనంతగిరి కొండ మీది ఆసుపత్రికే పోయేవాళ్లు కదా. నాకు కాళ్లు చాపుకునే చోటు దొరికింది. ఆ దిగులు వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

డాక్టరు ఇంటి వరండాలో కాంపౌండరు కూర్చుని ఉన్నాడు.

“ఎవలొచ్చిన్రు వెంబడి?”

“ఎవ్వలు లేరు.”

“పేషెంటు యాడున్నడు?”

“నేనే.”

“మరి మాట్లాడేదెవలు?”

“గది గుడ నేనే.”

కాంపౌండరు కలం కింద పెట్టాడు. “ఇంట్ల కొట్లాడి వచ్చినవా?”

“లేదు.”

“లేకుంటే ఒక్కనివే ఎందుకొస్తవ్? నీకేమన్న అయితే ఎవలికి జెప్పాలె మేము? పో, పోయి మనిషిని తోల్కరా.”

నేను వెతుక్కుంటున్నదీ మనిషినే అని చెబుదామనుకున్నాను. నవ్వుతాడని ఊరుకున్నాను. మధ్యాహ్నం బండిలో తాండూరు వచ్చేశాను.

పై వారం అన్నను తీసుకుపోయాను. ఆయన ఉతికిన ధోవతి కట్టి, రుమాలు చుట్టి, పెండ్లికి పోతున్నట్టు వచ్చాడు. డాక్టరు గదికి తలుపు లేదు, పాత పరదా ఒకటి వేలాడుతోంది. తెల్ల మీసాల మనిషి, మందపాటి కళ్లద్దాలు, ముఖం మంచిది. ఇద్దరినీ కూర్చోమన్నాడు. అన్న గొంతు సవరించుకున్నాడు.

“కడుపు ఖరాబైంది సాబ్—”

“అన్నా,” అన్నాను, “నాలికె ఎండుకపోతుంది. జర సోడా పట్టుకరా.”

అన్న నన్ను చూశాడు. డాక్టరును చూశాడు. లేచి, పరదా తొలగించుకుని పోయాడు.

“ఇగ నువ్వు జెప్పు మాస్టరు” అన్నాడు డాక్టరు. కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, నిజంగానే వినడానికి కూర్చున్నాడు. అంత శ్రద్ధగా ఒక మనిషి నా వైపు తిరిగి ఎన్నాళ్లయిందో. రైల్లో ధారూరు నుంచీ నేను కూడబలుక్కున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. అలవాటైన నోరు అలవాటైన పని చేసింది.

“పొద్దుగాల లేవబుద్ధి గాదు సాబ్. లేచినంక బతకబుద్ధి గాదు. ఈ రెండిట్ల నడుమ ఖాళీ దొరికితే హిస్టరీ చెప్త.”

డాక్టరు నవ్వాడు. మంచి నవ్వు, పొట్ట కదిలే నవ్వు. “బాగుంది! ఇంకా?”

“నవ్వేది కాదు సాబ్.”

“సరే, సరే. జెప్పు.”

“మా బడి తొవ్వల పాత గని ఉంది. నిండ నీళ్లు. గా గట్టు మీదికెళ్లి పోతలేను నేను. నా కాళ్ల మీద నాకు నమ్మకం లేదు.”

చెప్పేశాను. ఇన్ని నెలలు మోసిన మాట ఇంత చిన్నదా అనిపించింది. డాక్టరు ముఖంలోకి చూశాను. ఒక్క క్షణం ఆ కళ్లద్దాల వెనక ఏదో ఆగినట్టే అనిపించింది. తర్వాత మీసాలు వణికాయి. కళ్లద్దాలు తీసి, ధోవతి చెంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“ఏం మనిషివయ్యా! గింత పెద్దోనివైనవ్, నీళ్లంటే భయమా! ఈత నేర్చుకో మాస్టరు, ఈత!”

ఈత నాకు వచ్చు. చిన్నప్పుడు మా మోటబావిలో అన్నే నడుముకు తాడు కట్టి నేర్పించాడు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలనిపించలేదు. అప్పటికే నా ముఖం నవ్వుతూ ఉంది. దాన్ని అలాగే ఉంచాను.

అన్న సోడా తెచ్చి నా చేతికిచ్చాడు. తాగాను. అందులో గ్యాసు ఎప్పుడో పోయింది, ఒట్టి నీళ్లు. డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి చూశాడు, కనురెప్ప లాగి చూశాడు, కడుపు నొక్కి చూశాడు. చివరికి అన్నతోనే అన్నాడు.

“ఛాతీ సాఫ్. కడుపు సాఫ్. మీ తమ్మునికేం లేదు. గిసొంటి మనిషి ఇంట్ల ఉంటే డాక్టరెందుకు? పెండ్లి జెయ్యుండ్రి.”

“మంచిది సాబ్” అన్నాడు అన్న, చేతులు జోడించి.

స్టేషనుకు నడిచాము. అన్న సీతాఫలాలు కొన్నాడు. బండి వచ్చింది. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఒక సీతాఫలం విప్పి సగం నాకిచ్చి, మిగతా సగం చేతిలోనే పట్టుకున్నాడు. ధారూరులో జనం దిగిపోయి పెట్టె ఖాళీ అయ్యేదాకా ఆయన వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. నేను గింజలు కిటికీలోంచి ఒక్కొక్కటే బయటికి ఉమ్ముతూ పోయాను.

బండి కదిలాక అన్న నా మోకాలి మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించి, నా ముఖం చూడకుండా అన్నాడు.

“పరదా ఎనుకనే నిలబడ్డ, అంత ఇన్న. నాకు ఎర్క లేదనుకున్నవారా? నువ్వు బజారు సుట్టు తిరిగి బడికి పోతున్నవని ఎప్పుడో ఎర్కైంది. గందుకే కడుపు, కడుపు అనుకుంట తిరుగుతున్న. కడుపు ఖరాబైనోని ఇంటి పిల్లను ఎవలన్న జేసుకుంటరు. గా గని మాట ఇంకొకని చెవుల పడితే నా బిడ్డను ఒక్కడడగడు. ఇంకోపారి అనకు.”