అఆల మేడం

ఆరోగ్యశాఖ వెబ్‌సైటులో జబ్బుల సంగతులు రాసే ఆవిడను ఆఫీసులో అందరూ చాటుగా ‘అఆల మేడం’ అంటారు. డాక్టర్లు పంపిన కాగితంలో నోరు తిరగని మాట తగిలితే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆఫీసు ఊడ్చే ఆయాను పిలిచి చదివి వినిపిస్తుంది. “నీకేం అర్థమైందో చెప్పు తల్లీ” అని అడిగి, ఆమె చెప్పినదాన్ని బట్టి వాక్యం మారుస్తుంది. పసిపిల్లల విరేచనాల పేజీకి మాత్రం పెద్ద డాక్టరు అడ్డం పడ్డాడు. “ఇంత నాటుగా రాస్తే శాఖ పరువేం కాను?” అని, ఒంట్లో నీళ్ళు తగ్గిపోకుండా ఏం పట్టాలో ఆవిడ రాసింది కొట్టేసి, ‘నిర్జలీకరణ పట్ల శ్రద్ధ వహించవలెను’ అని పెట్టించాడు. నాలుగు రోజులు వాదించి, ఆవిడ ఊరుకుంది.

ఆ వేసవిలో ఒక తల్లి ఫోనులో ఆ పేజీ తెరిచి పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది.

“నిర్జలమంటే నీళ్ళు లేకుండా అనే కదమ్మా. రెండు రోజులు చుక్క నీళ్ళు పట్టలేదు. పాప నాలుక చాచి అడిగేది. మూడోరోజు పోయింది. ఇది రాసింది మీరేనా?”

పెద్ద డాక్టరు పేరు ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నేనేనమ్మా” అంది.

ఎవరినీ అడక్కుండా ఆ వాక్యం చెరిపి, ‘విరేచనాలవుతుంటే బిడ్డకు పాలు, ఓఆర్‌ఎస్ నీళ్ళు పడుతూనే ఉండండి. ఆపకండి’ అని పెట్టింది. ఆ తల్లి తన ఫోనులో దాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

“ఇంతేనా అమ్మా? ఇదైతే నాకు తెలిసేదే” అంది.