మూడు నిమిషాల ఉడుంపట్టు

దబ్బనం గుడ్డలోకి దిగింది. కుర్రాడు అరచేతికి కట్టుకున్న తోలుముక్కతో దాని వెనక నొక్కి, అవతల తేలిన మొనను రెండు వేళ్లతో అందుకుని, మైనం రాసిన దారాన్ని మోచెయ్యి వీపు దాటేదాకా లాగాడు. మళ్లీ గుచ్చాడు, మళ్లీ లాగాడు. కుస్తీ హాలు నడిమధ్య పరిచిన మ్యాట్ మీద, ఎర్ర వలయం అంచున, మూరెడు చిరుగు. తండ్రికి లారీల టార్పాలిన్లు కుట్టే దుకాణం ఉంది. ఈ చిరుగు కుట్టి రమ్మని ఆయనే కొడుకుని పంపాడు. చుట్టూ జతలు జతలుగా ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటున్నారు. పద్దెనిమిదేళ్ల ఆ కొడుకు తలెత్తి చూస్తే ఒట్టు.

పని అయ్యాక హాలు మాస్టారు వచ్చి కుట్టు సందులో వేళ్లు దూర్చి గుంజాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా గుంజాడు. ఊహూ. అప్పుడాయన కుర్రాడి చేతుల వంక ఓసారి చూసి, తన మణికట్టు చాపాడు.

“పట్టుకో.”

“ఎందుకు సార్?”

“నేను విడిపించుకుంటా. చూద్దాం.”

మాస్టారు మెలి తిప్పాడు, భుజం దించాడు, పక్కకి దూకాడు, చివరికి కాలడ్డం పెట్టాడు. కుర్రాడు ధబ్బున పడ్డాడు గానీ మణికట్టు వదల్లేదు. దాంతో ఆయనా వచ్చి వాడి మీదే పడ్డాడు. లేచి, రొప్పుతూ నవ్వాడు.

“ఇది చెయ్యా, ఉడుమా? రేపట్నించి పొద్దున్నే రా.”

ఆ పేరే అతుక్కుంది. ఇంట్లో పెట్టిన పేరు కాగితాలకి మిగిలింది, వీధికి మాత్రం అతను ఉడుమే.

అక్క మొదట ఒప్పుకోలేదు. దుకాణంలో కుట్టుమిషన్ మీద కూర్చునేది ఆవిడే, దుకాణానికి నోరూ ఆవిడే.

“మాస్టారికి మనిషి కావాలి, మనకీ మనిషి కావాలి. నిన్ను రెండు ముక్కలుగా కత్తిరించి అంచులు కుట్టుకోమంటావా?”

“రెండు పనులూ చేస్తానక్కా.”

“రెండు పడవల మీద కాళ్లన్నమాట. పడితే నువ్వొక్కడివే తడవవు, మేమూ తడుస్తాం.”

అలా అన్న మనిషే మర్నాటి నుంచి తమ్ముడికి రోజూ నాలుగు గుడ్లు ఉడకబెట్టడం మొదలుపెట్టింది.

ఫ్రీస్టైల్ కుస్తీలో కాళ్లు కూడా పట్టుకోవచ్చు. ఉడుముకి అంతకంటే ఏం కావాలి? ప్రత్యర్థి చీలమండ చేతికి చిక్కిందంటే ఆ కాలు ఇక అతనిదే. అయితే రెండో ఏడు ఒక పోటీలో పొరపాటు జరిగింది. రిఫరీ ఈల వేశాడు, ఇతను వదల్లేదు. రెండు క్షణాలు, అంతే. అవతలివాడి మోచెయ్యి కీలు తప్పింది.

మాస్టారు తిట్టలేదు, కొట్టలేదు. ఆరు నెలలు మ్యాట్ ఎక్కనివ్వలేదు. ఓ మూల కూర్చోబెట్టి చిరుగులు కుట్టించాడు. కుట్టేటప్పుడు ఎక్కణ్నుంచో ఈల వేసేవాడు. దారం సగంలో ఉన్నా సరే, దబ్బనం వదిలేసి రెండు చేతులూ తెరిచి చూపించాలి. రోజుకి యాభైసార్లు.

“పట్టడం నీకు పుట్టుకతో వచ్చింది. విడవడమే నేను నేర్పాలి” అనేవాడు.

నేర్పాడు. ఎంతగా నేర్పాడంటే, వీధి మలుపులో పోలీసు ఈల వేసినా ఇతని చేతిలో సంచీ కింద పడేది. అక్క గుడ్లు తెమ్మని పంపడం మానేసింది.

దేశం మొత్తానికి జరిగిన పోటీల్లో ఫైనల్ రోజు సంగతి ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు. అవతల నీలం దుస్తులవాడు ఆరు పాయింట్లు, ఇవతల ఉడుము రెండు. గడియారంలో ఇరవై సెకన్లు. నీలం దుస్తులవాడు ఇక తప్పించుకు తిరిగితే చాలు, తిరుగుతున్నాడు కూడా. ఉడుము కుడివైపు కదిలినట్టు కదిలి ఎడమవైపు నేలబారున దూకాడు. వేళ్లకి మడమ తగిలింది. తగిలిందంటే దొరికినట్టే. కాలు ఎత్తాడు, భుజం పొట్టలో ఆనించాడు, తోశాడు. పన్నెండు సెకన్లు. వెల్లకిలా పడ్డవాడు వంతెనలా నడుము లేపాడు. ఆ వంతెన మీద ఉడుము తన బరువంతా పెట్టాడు. ఎనిమిది. ఒక భుజం ఆనింది. ఐదు. రెండోదీ ఆనింది. రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనితే ఇక పాయింట్లతో పనిలేదు, గెలుపే. ఈల మోగింది. మోగీ మోగగానే చేతులు విచ్చుకున్నాయి. మిషన్ మీద కుడుతూ రేడియో వింటున్న అక్క ఎగిరి లేస్తూ పెడల్ తొక్కేసింది. ఎవరిదో లారీ పట్టా మధ్యలో కోణంగా ఓ కుట్టు పడింది. దాన్ని విప్పడానికి పూట పట్టింది.

నాలుగేళ్లు ఛాంపియన్‌గా ఉన్నాడు. తర్వాత మోకాలు మొరాయించింది. దుకాణానికి తిరిగొచ్చి దబ్బనం పట్టాడు. వానల్లో ఎవరి పైకప్పు ఎగిరినా పట్టా భుజాన వేసుకుని ఎక్కేవాడు, కట్టిన తాడు మళ్లీ ఊడేది కాదు. ఎన్నికలొచ్చాయి. వీధివాళ్లు అడగనైనా అడగలేదు. నామినేషన్ కాగితం మీద పేరు రాసి, సంతకం పెట్టమని తెచ్చారు. పురపాలక సంఘంలో వార్డు సభ్యుడైపోయాడు.

అక్కడే చిక్కొచ్చింది. సభ అధ్యక్షురాలు రిటైరైన లెక్కల టీచరు. బల్ల మీద ఇత్తడి గంట పెట్టుకుని, మూడు నిమిషాలు కాగానే మోగించేది. మిగతా సభ్యులకి ఆ గంట దున్నపోతు మీద వాన. ఉడుముకి అది రిఫరీ ఈల. మోగితే మాట మధ్యలో తెగేది, చేతులు తెరుచుకునేవి, కుక్కిన పేనులా కూర్చుండిపోయేవాడు. సభ పుస్తకంలో అతని మాటలన్నీ సగాలే. ‘మూడో వీధి కాలువ పూడిపోయి’ అని ఒకచోట. ‘బడి గోడ ఎప్పుడైనా’ అని ఇంకోచోట.

“ఎప్పుడైనా ఏంట్రా?” అంది అక్క ఆ పుస్తకం నకలు చూసి.

“పడొచ్చని.”

“ఆ ఒక్క ముక్క అనలేకపోయావా?”

“గంట కొట్టారక్కా.”

“నీకు ఓట్లేసింది నోరుందనిరా. దాన్ని ఇంట్లో కట్టేసి వెళ్తున్నావా?”

ఈ కిటుకు గోదాముల కాంట్రాక్టరు కనిపెట్టాడు. ఆయనా సభ్యుడే. ఉడుము లేచినప్పుడల్లా “అధ్యక్షా, టైమయింది” అని కేకేసేవాడు. ఆవిడ గడియారం కూడా చూడకుండా గంట అందుకునేది. వరదొచ్చినా ఆగనివాడు గంటకి ఆగుతున్నాడని సభంతా నవ్వుకునేది.

మూడో ఏడు ఆ కాంట్రాక్టరు ఒక తీర్మానం తెచ్చాడు. కుస్తీ హాలు పురపాలక సంఘానిది. మ్యాట్లు చిరిగి లోపలి స్పాంజి బయటికొచ్చింది, సాధన చేయడానికి పనికిరావని తనిఖీ అధికారి రాసేశాడు. కాబట్టి హాలుని గోదాముకి అద్దెకివ్వాలి. తీసుకునేది ఎవరో కాదు, కాంట్రాక్టరు బావమరిది. సభ సోమవారం.

తాడో పేడో తేలాలి. హాలు పోతే మాస్టారు పోయినట్టే. ఆయనకి ఆ నాలుగు గోడలు తప్ప వేరే ఇల్లు లేదు. అక్కడ ఇప్పుడు నలభైమంది సాధన చేస్తున్నారు, వాళ్లలో సగం ఆడపిల్లలు, అందులో అక్క కూతురొకతె.

మాస్టారికి డెబ్బై దాటాయి. ఉడుము వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

“మాస్టారూ, గంట మోగితే ఆగకుండా ఉండడం నేర్పండి.”

“అది నేర్పను” అన్నాడాయన. “ఆరు నెలలు పట్టింది నీ చెయ్యి తెరిపించడానికి. మళ్లీ ముయ్యమంటావా?”

“మరెలా?”

“నీకు ఇచ్చేది ఎంతసేపు?”

“మూడు నిమిషాలు. కాంట్రాక్టరు కేకేస్తే ఒకటిన్నరే.”

“మ్యాట్ మీద ఒక రౌండు ఎంత?”

ఉడుముకి అప్పుడు వెలిగింది. అదీ మూడు నిమిషాలే.

“మొదటి పది సెకన్లలో నువ్వు ఏం చేసేవాడివి?”

“కాలు పట్టేవాణ్ని.”

“మరి సభలో? ‘గౌరవనీయులైన అధ్యక్షుల వారికీ, సాటి సభ్యులకీ’ అంటూ దండాలు పెడుతున్నావు. నేల విడిచి సాము చేస్తున్నావురా. ముందు కాలు పట్టు. పడ్డ పాయింటుని ఏ గంటా చెరపలేదు.”

మూడు రోజులు హాల్లోనే సాధన. మాస్టారి చేతిలో స్టాప్‌వాచీ, మెళ్లో ఈల. మొదటి రోజు ఉడుము అసలు విషయానికి వచ్చేసరికి యాభై సెకన్లు. ఈల. మళ్లీ. ముప్పై. ఈల. మళ్లీ. పిల్లలు చుట్టూ చేరి పందేలు కాశారు. అక్క గుమ్మంలో నిలబడి విని, “ఆ ‘సవినయంగా’ తీసెయ్. అక్కడ నాలుగు సెకన్లు పోతున్నాయి” అంది. ఆదివారానికి పదకొండు సెకన్లకి దిగింది.

సోమవారం ఉడుము సంచీతో సభకొచ్చాడు. లేచాడు. దండం పెట్టలేదు.

“మ్యాట్లన్నీ మేమే కొత్తగా కుట్టేస్తాం. పన్నెండు రోజులు ఇవ్వండి. గుడ్డ మా దుకాణానిది. అధికారి వచ్చి చూసి బాగోలేదంటే హాలు తాళం నేనే తెచ్చి ఈ బల్ల మీద పెడతా.”

పాయింటు పడింది. సంఘానికి పైసా ఖర్చు లేదు, కాదనడానికి కారణమూ లేదు. సభలో గుసగుస మొదలైంది. కాంట్రాక్టరు ఉలిక్కిపడ్డాడు.

“చేత్తో కుట్టింది మనుషుల కింద నిలుస్తుందా? గట్టిగా తుమ్మినా ఊడుతుంది.”

ఉడుము సంచీలోంచి మూరెడు గుడ్డ తీశాడు. రెండు ముక్కలు, మధ్యలో మడతకుట్టు. బల్ల మీదుగా తోశాడు.

“ఊడదీయండి.”

“అధ్యక్షా, టైమయింది” అన్నాడు కాంట్రాక్టరు. అలవాటు.

గంట మోగింది. ఉడుము కూర్చున్నాడు, చేతులు తెరిచి మోకాళ్ల మీద పెట్టుకుని. కానీ గుడ్డ ఇప్పుడు కాంట్రాక్టరు చేతిలో ఉంది, సభ కళ్లు ఆయన మీద ఉన్నాయి. ఆయన లాగాడు. పళ్లు బిగించి లాగాడు. కుర్చీకి కాలు తన్ని పెట్టి లాగాడు. మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి. కుట్టు చెక్కుచెదరలేదు.

గంట మళ్లీ మోగింది.

“ఒక్క నిమిషం” అన్నాడాయన, ఒక కొన పంటికింద పెట్టి.

మూడోసారి గంట మోగింది. “నోట్లోంచి తీయండి” అంది అధ్యక్షురాలు, నలభై ఏళ్లు తరగతి గదులు అణచిన గొంతుతో. “మూడేళ్లలో నా గంటకి ఆగిన మనిషి ఈ సభలో ఒక్కడే. ఆయన అడిగింది పన్నెండు రోజులు. చేతులెత్తండి.”

పన్నెండు చేతులు లేచాయి, తొమ్మిది లేవలేదు. హాలు నిలవడానికి పన్నెండు రోజులు దొరికాయి.

అక్క దుకాణం ముందు ‘పన్నెండు రోజులు సెలవు’ అని బోర్డు పెట్టి, మిషన్ని రిక్షా మీద హాలుకి తెచ్చింది. పొడుగు కుట్లు ఆవిడవి, వలయాల చుట్టూ వంపు కుట్లు తమ్ముడివి. వంపు మీద మిషన్ ముడతలు వేస్తుంది, అక్కడ దబ్బనమే దిక్కు. కుట్టు మడత కిందికి ఉండాలి, పైన గోరు పెట్టి గీస్తే తగలకూడదు. తగిలితే ఎవరి చెంపో గీరుకుపోతుంది. మొదటి మ్యాట్‌కి ఐదు రోజులు పట్టింది. అక్క వేళ్లమీద లెక్కేసి, “ఇలాగైతే మూడు మ్యాట్లకి పదిహేను” అంది. రెండోది నాలుగు రోజుల్లో అయింది. మూడోది మూడే. ఉడుము బొటనవేలు వాచి పెద్ద నిమ్మకాయంత అయింది.

“ఆపుతావా?” అంది అక్క.

“గంట ఇంకా కొట్టలేదుగా.”

పన్నెండో రోజు సాయంత్రం తనిఖీ అధికారి వచ్చాడు. మోకాళ్ల మీద పాకుతూ ప్రతి కుట్టూ తడిమాడు. ఇనపకొక్కెం తగిలించి గుంజాడు. చివరికి బూట్లు విప్పి మ్యాట్ మీద రెండుసార్లు ఎగిరి దూకాడు. కాగితం మీద సంతకం పెట్టి ఉడుము చేతికిచ్చి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్లాడు. గుమ్మం దగ్గర నలభైమంది ఊపిరి ఒక్కసారి బయటికొచ్చింది.

మాస్టారు ఒక్కడూ కదల్లేదు. ఎర్ర వలయం చుట్టూ ఒంగి నడుస్తూ బొటనవేలితో కుట్టు వెంట పోయాడు. ఒకచోట ఆగాడు.

“ఇక్కడ ఒకటి వదులుంది.”

“ఆఫీసరే ఒప్పుకున్నాడు గదండీ” అంది అక్క.

ఉడుము మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఒక్క కుట్టూ విప్పి, దబ్బనం దించి, మోచెయ్యి వీపు దాటేదాకా దారం లాగి, ముడి వేసి, కొసని పంటితో తెంచాడు. మాస్టారు వేళ్లు దూర్చి గుంజాడు. కదల్లేదు.

ఉడుము మ్యాట్ దిగి, సంతకం ఉన్న కాగితాన్నీ, ఈ పన్నెండు రోజులూ తన దగ్గరున్న హాలు తాళాన్నీ కలిపి ఆయన అరచేతిలో పెట్టాడు. మాస్టారు తాళాన్ని జేబులో వేసుకుని, మెళ్లోని ఈల నోట్లో పెట్టుకుని, పిల్లల్ని మ్యాట్ ఎక్కమన్నట్టు చెయ్యి ఊపాడు.