గోవిందరాజులు గారి కొలతను దిద్దిన ఏడు

కరోనా తరువాత తరగతులు మళ్లీ మొదలైన ఏడు నేను తమిళనాడులోని ధర్మపురి పట్టణం బయట, తొప్పూరు వైపు ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో భౌతికశాస్త్ర విభాగాధిపతిగా ఉన్నాను. ఆ వేసవిలో నా సహోద్యోగి గోవిందరాజులు గారు గుండెపోటుతో పోయారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కస్తూరికి నన్ను గైడుగా వేశారు. సిద్ధాంత గ్రంథం దాదాపు పూర్తయిందని, సమర్పించడమే తరువాయి అని ప్రిన్సిపాల్ చెప్పారు.

కస్తూరి తల్లిదండ్రులు కట్టడం పనికి పోయేవాళ్లు. తమిళంలో చదువుకున్నందున ఆమెకు తెలుగు లిపి రాదు. అయినా నాతో ఇంటి తెలుగులోనే మాట్లాడేది. డాక్టరేటు చేతికి రాగానే ఉద్యోగం ఇస్తామని సేలంలో ఒక కళాశాల వాళ్లు మాట ఇచ్చి ఉన్నారు.

ఆమె పని ప్లాస్మా మీద. గాలి తీసేసిన గదిలోకి కొద్దిగా ఆర్గాన్ వదిలి విద్యుత్తు పెడితే వాయువు వెలుగుతుంది. ఎలక్ట్రాన్లు, అయాన్లు విడిపోయి తిరుగుతాయి. ఆ ఎలక్ట్రాన్ల వేడిని ఏ థర్మామీటరూ కొలవలేదు. ప్రోబ్ అనే సన్నటి టంగ్‌స్టన్ తీగను లోపల పెట్టి, దాని వోల్టేజిని రుణం నుంచి ధనం వైపు పెంచుతూ కరెంటు చూస్తాం. మొదట్లో అయాన్లే వస్తాయి. వోల్టేజి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు చేరుకుని కరెంటు నిటారుగా లేస్తుంది. అందులోంచి అయాన్ల వాటా తీసివేసి, మిగిలినదాని లాగరిథమ్‌ను వోల్టేజితో గ్రాఫు గీస్తే మధ్యలో కొంత భాగం సరళరేఖ అవుతుంది. దాని వాలును తిరగేస్తే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత వస్తుంది. గీత నిటారుగా లేవక ఎంత పడుకుంటే ఎలక్ట్రాన్లు అంత వేడి అన్నమాట.

ఆర్గాన్‌లో మీథేన్ కలిపితే ఎలక్ట్రాన్లు బాగా వేడెక్కుతాయని గోవిందరాజులు గారు, కస్తూరి కలిసి ఒక పత్రం ప్రచురించారు. గ్రంథానికి ఆయువుపట్టు అదే.

ఒక మధ్యాహ్నం కస్తూరి నా గదికి వచ్చి రెండు గ్రాఫులు బల్ల మీద పెట్టింది. అంతవరకు వాళ్లు వోల్టేజిని పెంచుతూ మాత్రమే కొలిచారు. ఈసారి దించుతూ కూడా కొలిచిందట.

"పోయేటప్పుడు ఒక దోవ, వచ్చేటప్పుడు ఇంకో దోవ పడతా ఉండాది సార్. రెండూ ఒకటే కావాల కద?"

కావాలి. కాలేదంటే తీగ మీద ఏదో పొర పట్టిందని అర్థం. మీథేన్ విడిపోయి కర్బనం పేరుకుంటుంది. ఆ పొర గీతను పడుకోబెట్టి, లేని వేడిని చూపిస్తుంది. తీగను ఎర్రగా కాల్చి శుభ్రం చేసి, వెంటనే కొలవమన్నాను. కాల్చింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మీథేన్ తెచ్చిన వేడి దాదాపు మాయమైపోయింది.

అంటే అచ్చయిన పత్రం తప్పన్నమాట. గ్రంథంలో ఆ ఫలితం ఉన్న అధ్యాయాన్ని క్లుప్తం చేసి సమర్పించవచ్చునని, ఎవరూ అడగరని ప్రిన్సిపాల్ అభిప్రాయపడ్డారు. కస్తూరి ఒప్పుకోలేదు. ముందు ఆ పత్రం వేసిన పత్రికకు దిద్దుబాటు పంపాలంది. చనిపోయినవారి పేరు కూడా దాని మీద ఉంటుంది కనుక, నియమం లేకపోయినా ఆయన భార్య శారదమ్మ గారికి చెప్పడం మర్యాద అనుకుని, హొగేనక్కల్ దారిలో ఉన్న వాళ్ల ఊరికి ఇద్దరం వెళ్లాం.

ఆమె అంతా విన్నారు.

"ఇంకా ఏడాది దినం గూడా కాలేదన్నా. అంతలోకే ఆయన తప్పు చేసినారని రాస్తారా?" అని నన్ను అడిగారు.

నాకన్నా ముందు కస్తూరి అంది: "ఆయన ఒక్కరే కాదమ్మా, నేనూ చేసినాను. ఇద్దరి పేర్లూ ఉంటాయి."

"నువ్వు బదులు చెప్పుకుంటావు. ఆయన చెప్పుకోలేరు కద."

"చెప్పుకోలేరమ్మా. ఉండింటే ఆయనే రాసుండేవారో ఏమో, నాకు తెలీదు. ఇప్పుడు నేనే రాయాల."

శారదమ్మ గారు ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయారు. కొంతసేపు కూర్చుని మేమూ వచ్చేశాం. బస్సులో కస్తూరి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

దిద్దుబాటు అచ్చయింది. ఆ గదిని, పంపులను గోవిందరాజులు గారే దగ్గరుండి కట్టించారని, అవి లేకపోతే ఈ పరీక్షే జరిగేది కాదని కస్తూరి చివరి వాక్యంలో రాసింది. అచ్చుప్రతి శారదమ్మ గారికి పంపాం. జవాబు రాలేదు. కొలతలన్నీ మళ్లీ తీయవలసి వచ్చి గ్రంథం చాలా ఆలస్యమైంది. సేలం ఉద్యోగం వేరొకరికి పోయింది. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకుడు ఎక్కువసేపు అడిగింది ఆ దిద్దుబాటు గురించే. డాక్టరేటు వచ్చింది. ఇప్పుడామె ఒక పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతోంది.

కొలిచినవాడు పోయినా కొలతను సరిచూసే బాధ్యత మిగిలినవాళ్ల మీద ఉంటుందని నేను అప్పుడు నేర్చుకున్నాను. అది పోయినవాడికి అగౌరవం కాదని నా అభిప్రాయం. శారదమ్మ గారు అలా అనుకోలేదు. అందుకు ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు.