మంద పెట్టిన జాగా

ఉద్యోగమంతా భూముల కొలతల శాఖలోనే చేశాను. రోజూ డైరీ రాస్తాను. ఎండ, గాలి, ఏ దిక్కున పొగ లేచిందన్నది కూడా అందులో ఉంటుంది. ఆ సంగతి తెలిసి, శంషాబాద్‌లో మా వీధిలోనే కిరాయికి ఉండే పరిశోధక విద్యార్థిని నన్ను సాయం అడిగింది. దేశదేశాల పెద్ద కార్చిచ్చుల వివరాలను ఆమె బృందం ఒకే పద్ధతిలోకి తెస్తోంది. ఒకచోట కాలిన నేలను ఎకరాల్లో రాస్తారు, ఒకచోట ఊళ్ల పేర్లే రాస్తారు, ఇంకోచోట మంట ఎప్పుడు ఆరిందో రాయనే రాయరు.

మా వైపు నుంచి చేర్చదగ్గది ఒక్కటే కనిపించింది. ఈ ఎండాకాలం తుక్కుగూడ అవతల గుట్టల మీద గడ్డీ తుప్పలూ తగలబడి, ఒక గొర్రెల కాపరి చనిపోయాడు. ఉపగ్రహం తీసిన బొమ్మలో పొగ కమ్మేసి, రాళ్ల క్వారీకీ తారురోడ్డుకీ మధ్యనున్న సన్నటి నేల కాలిందో లేదో తెలియలేదు. కాలి ఉంటే ఇరువైపులా కలిసి ఒకే పెద్ద మంట. లేకపోతే రెండు చిన్నవి. రెండూ లెక్కలోకి రావు.

చూసి రావడానికి వెళ్తే, చనిపోయినవాడి తమ్ముడు అక్కడే గొర్రెలతో కనిపించాడు. వచ్చిన పని చెప్పాను.

"మా అన్న పేరు రాస్తరా బాపు?"

"పేరుండదు. ఒక మనిషి పోయిండని ఉంటది."

"గంతైనా సాలు. గడ్డి మంటకు ఉరుకలేకపోయిండా అని ఊర్ల నవ్వుతున్రు."

ఆ రోజు నువ్వెక్కడున్నావని అడిగాను. క్వారీ పక్కనున్న ఆ సన్నటి నేలకే నడిపించి కర్రతో చూపించాడు. అంతకుముందు కొన్ని రాత్రులు అక్కడే మంద పెట్టారట. గొర్రెలు గడ్డిని మొదళ్లదాకా కొరికి, తొక్కి, నేలను బోడి చేశాయి. కాలిన మోళ్లు రెండు వైపుల నుంచీ వచ్చి ఆ అంచుల్లోనే ఆగిపోయాయి. మంటలొచ్చినప్పుడు అతనూ గొర్రెలూ ఆ మధ్యలో నిలబడ్డారు. విడిపోయిన మేకల కోసం అన్న అవతలి గుట్టకు పోయాడు.

ఇంత నేలకు తక్కువ కాలితే లెక్కలోకి రాదన్న నిబంధన చెప్పాను. నెత్తిమీదుగా విమానం దిగుతుంటే ఆగి, మళ్లీ చెప్పాను.

"అయితే గీ జాగ గుడ కాలిందని రాస్కోరాదా?"

"కాలితే నువ్వెట్ల బతికినవు తమ్మీ?"

"గదే మా వదిన గుడ అడుగుతది," అన్నాడు.

చూసింది చూసినట్టే రాసి పంపాను. ఆ అమ్మాయి రెండు మంటలనూ లెక్కలోంచి తీసేసి, "మీరు వెళ్లి చూడకపోతే తప్పు దొర్లేది అంకుల్," అంది. ఆ మెచ్చుకోలు నాకు రుచించలేదు.

తొలి వానలకు గడ్డి మొలిచాక, అతనికి చెప్పడానికి మళ్లీ వెళ్లాను. మంద ఈసారి అన్న పోయిన గుట్ట కిందనే ఉంది. అంతా విని, "ఎంత కాలితే పెద్దదంటరు?" అని అడిగాడు. చెప్పాను. ఆ గుట్టనూ దాని పక్క గుట్టనూ కాసేపు చూశాడు.

"ఇంకో గుట్ట గుడ కాలాల్సుండె అన్నట్టు," అని, మంద చుట్టూ వల కట్టడానికి కర్రలు పాతసాగాడు. వల రెండో కొస జర పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.