తగిన కారణం ఉంటేనే

ఆ వీధిలో చదువంటే ప్లీడరుదే చదువు. అక్క కుట్టుమిషను తొక్కి చదివిస్తే, ఆ మిషను చప్పుడులోనే లా పుస్తకాలు వల్లెవేసినవాడు. దొంగతనం అంటగట్టిన రంగులపనివాణ్ణి మొదటి కేసులోనే నిర్దోషిగా బయటికి తెచ్చాడు. ఆయన గొంతు వింటే లాకప్పు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని జనం చెప్పుకునేవారు. 'బెయిలు ప్లీడరు' అన్న పేరు అలా వచ్చిందే. ఆ పేరుతోనే పోటీ చేసి, ఉద్దండుల్ని మట్టి కరిపించి, దేశపు చట్టసభలో కూర్చున్నాడు. మా వైపు నుంచి అంత ఎత్తుకు వెళ్లినవాడు మరొకడు లేడు. నల్లకోటు మేకుకి ఎక్కింది.

రెండోసారి గెలిచిన ఏడాది ఒక బిల్లు వచ్చింది. అనుమానం ఉన్న మనిషిని కోర్టుకు చూపకుండానే ఏడాదిపాటు లోపల ఉంచవచ్చట. అక్క కొడుకు బడిపంతులు. సభ కనబడితే చాలు, ప్రభుత్వాన్ని ఏకిపారేసే రకం.

"తమ్ముడూ, ఇది తిరిగి తిరిగి మనవాడి మెడకే చుట్టుకోదు కదా?" అని అడిగింది అక్క.

"నేనుండగానా? 'తగిన కారణం ఉంటేనే' అని ఒక మాట పెట్టించానక్కా. ఆ ఒక్క మాట పట్టుకుని ఎవణ్ణైనా బయటికి లాక్కొస్తా. పార్టీ పెద్దాయన అడగ్గానే ఒప్పుకున్నాడు."

అక్క చేతిలో సూది ఆగింది. "అడగ్గానేనా? గీసి గీసి బేరమాడేవాడు అడగ్గానే ఇచ్చాడంటే, సరుకులో పుచ్చుందేమో చూసుకోవాల్రా."

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందమ్మా," అని నవ్వాడు మేనల్లుడు.

"నువ్వు నోరు మూసుకో, బడుద్ధాయ్!" అని కసిరాడు ప్లీడరు.

సభలో ఆయన ప్రసంగానికి బల్లలు మోగాయి. చెయ్యెత్తాడు. బిల్లు నెగ్గింది. పెద్దాయన భుజం తట్టి, "మీ మేనల్లుడు బాగా మాట్లాడతాడటగా?" అన్నాడట. ఆ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. అక్క తింటున్న కంచం పక్కకు జరిపింది.

ఆ వారం నుంచే వీధి మొగలో తెల్ల వ్యాను నిలబడసాగింది. అందులోవాళ్లు ఎవరినీ ఏమీ అనరు. పంతులు బడికి వెళ్లేటప్పుడు మాత్రం అద్దం దించి చూస్తారు.

ఒక మధ్యాహ్నం, అక్క అన్నాలు వడ్డిస్తుండగా, వ్యాను వచ్చి గుమ్మం ముందే ఆగింది.

"సార్, మీకు తెలియని చట్టమా," అన్నాడు ఆఫీసరు, ఎంతో మర్యాదగా. "పంతులుగారు మాతో రావాలి."

"తగిన కారణం ఏమిటి?" పాత కోర్టు గొంతే, ఖంగుమంది.

"ఉంది సార్."

"ఏమిటని అడుగుతున్నా!"

"ఉందో లేదో చూసుకునేది మేమే సార్. బయటికి చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదు."

మేనల్లుడు చెయ్యి కడుక్కున్నాడు. "అమ్మా, కంచం మీద మూతపెట్టు," అని చెప్పులు వేసుకున్నాడు. వ్యాను కదిలిపోయింది.

ప్లీడరు గబగబా లోపలికెళ్లి మేకు మీది నల్లకోటు దులిపాడు. ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి ఎక్కడ దూర్చాలో దొరకలేదు. చిన్నప్పుడు చొక్కా తొడిగినట్టే అక్క ఆ చెయ్యి దూర్చి, ఒక్కొక్క గుండీ పెట్టింది.

"ఏ కోర్టుకురా, తమ్ముడూ?" అంది.