పత్తి కాటా దగ్గర మొండికేసిన కొత్త డిస్కు

2016 దసరా వెళ్లి పత్తి సీజను మొదలైన రోజులవి. నేను కరీంనగర్‌లో, కంప్యూటర్ల నిర్వహణ చూసే ఒక సంస్థలో సీనియర్ హార్డ్‌వేర్ ఇంజనీరుగా ఉన్నాను. హోదా పేరు పెద్దదే గానీ చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరే. ఒక ఉదయం జమ్మికుంట వైపు పత్తి కొనుగోలు కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. కాటా కంప్యూటరులో పాత హార్డ్ డిస్కు పోయింది, కొత్తది పెడితే పలకడం లేదు.

ఆ కంప్యూటరు బాగా పాతది. ట్రాక్టరు కాటా ఎక్కగానే బరువు అందుకుని చీటీ అచ్చువేసే ప్రోగ్రాము దాని మీదే నడిచేది. ఆ ప్రోగ్రాము రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి మెషీను మార్చే వీల్లేదు, డిస్కు ఒక్కటే మార్చాలి. పండుగకు ముందే పాత డిస్కులోని సరుకంతా కొత్తదాంట్లోకి నకలు తీసి, అవసరానికి ఉంటుందని ఆపరేటరు సమ్మయ్యకు అప్పగించి వచ్చాను.

నేను వెళ్లేసరికి మబ్బు పట్టి ఉంది. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వరుసకట్టాయి. అన్నిటికన్నా ముందున్నది లచ్చవ్వ అనే రైతుది. టార్పాలిన్ చాలక ఆమె పత్తి సగమే కప్పి ఉంది. కాటా అయితే గానీ బండి షెడ్డులోకి పోదు. తడిస్తే తేమ ఎక్కువైందని తిప్పి పంపుతారు. ఆమె కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

“సారూ, మొగులు చూడు ఎట్ల కమ్మిందో. జర జల్ది కానియ్యి. ఏడాది కష్టమంత గా బండి మీదనే ఉన్నది.”

క్యాబినెట్ మూత తీస్తే నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. కొత్త డిస్కు ఒళ్లంతా పసుపూ కుంకుమే. ఆయుధపూజ నాడు కాటాతో పాటు దానికీ బొట్లు పెట్టారట. ఇదేం పని సమ్మయ్యా అంటే, “కొత్త సామాను గద సార్, బొట్టు పెట్టకుంటె ఎట్ల?” అన్నాడు.

దోషి దొరికిందనుకున్నాను. వైరు తగిలించే చోట అంటిన పసుపును స్పిరిట్‌తో శుభ్రం చేసి, మళ్లీ బిగించి స్విచ్ వేశాను. కంప్యూటరు లేవగానే తన భాగాలన్నీ ఉన్నాయో లేదో చూసుకునే తొలి ప్రోగ్రామును బయోస్ అంటాం. దాని తెర మీద డిస్కు జాడే లేదు. కేబుల్ మార్చాను, కరెంటు తీగ మార్చాను, లాభం లేదు. అదే డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చక్కగా తెరుచుకుంది. అంటే డిస్కు మంచిదే. ఈ పాత కంప్యూటరు మదర్‌బోర్డుతోనే దానికి పొసగడం లేదు.

బయట ఉరిమింది. లచ్చవ్వ నా చేతులకేసే చూస్తోంది.

మోడల్ నంబరు చూద్దామని డిస్కును బయటికి తీసి, లేబుల్ మీదున్న పెద్ద కుంకుమ బొట్టు తుడిచాను. దాని కింద చిన్న బొమ్మ ఉంది. వైరు తగిలించే చోటికి పక్కనున్న సన్నటి పిన్నుల్లో ఫలానా రెండింటిని కలిపితే డిస్కు తన వేగం తగ్గించుకుంటుందని దాని అర్థం. కొత్తదాని వేగం పాత బోర్డుకు అందడం లేదన్నమాట! పిన్నులను కలిపే గోరంత తొడుగును జంపర్ అంటాం. అది నా సంచిలో లేదు. అదే కంప్యూటరులో ఎవరూ వాడని సీడీ డ్రైవు వెనక ఒకటి కనిపిస్తే పీకి పెట్టాను.

స్విచ్ వేయగానే తెర మీద డిస్కు పేరు పడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“చూసిన్రా సార్, బొట్టు పెట్టిన కాడ్నే దొరికింది!” అన్నాడు సమ్మయ్య. ఆ బొట్టే జవాబును దాచిందని చెప్పబోయి, వాడి సంతోషం చూసి ఊరుకున్నాను. కాటా అయ్యాక లచ్చవ్వ చీటీ కొంగున ముడేసుకుని “సల్లగుండు బిడ్డా” అని బండి వెంట నడిచింది. ట్రాక్టరు షెడ్డులోకి వెళ్లీ వెళ్లకముందే వాన దంచికొట్టింది. వెనక బండ్లకు టార్పాలిన్లు సరిపడా ఉన్నాయి. వాన వెలిశాక వాటి కాటా అయింది.

పాత యంత్రంలో కొత్త భాగం పలకకపోతే రెండింటిలో ఒకటి పాడైందని తొందరపడకూడదు. రెండూ ఒకే వేగంతో నడుస్తున్నాయా అని ముందు చూడాలి. ఆ సంగతి చాలాసార్లు లేబుల్ మీదే ఉంటుంది. రిటైరయ్యేదాకా ఏ డిస్కు బిగించినా ముందు లేబుల్ చదివాను. ఆ కేంద్రంలో మాత్రం బొట్టు తుడిచి చదివేవాణ్ని.